కోరమీసాల స్వామి కోపం ఎక్కడ ఆగింది

మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైన కురవి గ్రామాన్ని తెలుగువారు రెండు కారణాల వల్ల గుర్తుంచుకున్నారు. వేంగీ చాళుక్య భీముని పేరునూ, రణమర్ద వంశీయుడైన కుసుమాయుధుని పేరునూ చెప్పే కొరవి శాసనం, నన్నయకు ముందే తెలుగు వచనం ఎంత పొంకంగా నడిచిందో చూపే తొలి ఆధారాల్లో ఒకటిగా సాహిత్య చరిత్రలో నిలిచింది. ఇక సామాన్య ప్రజకు కురవి అంటే శాసనం కాదు, వీరభద్రస్వామి. మూడు కన్నులు, పది చేతులు, కోరమీసాలతో, భద్రకాళీ సమేతుడై వెలసిన ఆ దేవుణ్ణి చుట్టుపక్కల ఊళ్ళవారు ఆప్తబంధువును పిలిచినట్టుగా కురవి వీరన్న అని పిలుచుకుంటారు. వీరన్న, వీరయ్య, వీరభద్రం, వీరమ్మ అన్న పేర్లు ఈ సీమలోని ఇళ్ళలో తరం తర్వాత తరానికి అందుతూనే ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 24న, మహాశివరాత్రి రోజున, అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు తెలంగాణ రాష్ట్ర సాధన మొక్కుగా స్వామికి బంగారు మీసాలు సమర్పించినప్పుడు, మీసం పౌరుషానికీ రోషానికీ గుర్తన్న భావన ఈ నేలలో ఎంత సజీవంగా ఉందో రాష్ట్రమంతా చూసింది.

ఇక్కడే ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. వీరభద్రుడు శివుని కోపం నుంచి పుట్టినవాడు. కోపాన్ని కామం, లోభం, మోహం, మదం, మాత్సర్యాలతో కలిపి అరిషడ్వర్గమని, అంటే మనిషి లోపలే కాపురముండే ఆరుగురు శత్రువుల కూటమి అని నిర్ణయించిన సంప్రదాయమే, ఆ కోపం రూపుదాల్చిన దేవుణ్ణి ఇలవేల్పుగా చేసుకుని, పిల్లలకు ఆయన పేరు పెట్టుకుని, ఇంటికీ ఊరికీ కాపుగా నిలుపుకున్నది. ఈ రెండింటి మధ్య కనిపించే వైరుధ్యం పైపైది కాదు; మానవ స్వభావాన్ని గురించీ మంచి బతుకును గురించీ ఈ నేల చాలాకాలంగా చేస్తూ వచ్చిన ఆలోచన అంతా దానిలోనే దాగి ఉన్నది.

కోపాన్ని గురించి పెద్దలు చెప్పిన మాటలకు కొరత లేదు. భగవద్గీత రెండవ అధ్యాయంలో విషయాలను పదే పదే తలచడం వల్ల సంగమూ, సంగం వల్ల కోరికా, కోరిక వల్ల కోపమూ పుట్టి, కోపం నుంచి మోహమూ, స్మృతి నాశమూ, బుద్ధి నాశమూ వరుసగా కలిగి మనిషి పతనమవుతాడన్న క్రమం ఒకటి కనిపిస్తుంది. సుమతీ శతకకారుడూ వేమనా కోపాన్ని మనిషి సొంత పగవాడిగానే లెక్కించారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ తత్త్వవేత్త సెనెకా తన సోదరుడు నొవాటస్‌ను ఉద్దేశించి కోపంపై మూడు సంపుటాల గ్రంథం రాసి, కోపం ఏ రూపంలోనూ ఉపయోగపడదనీ, దాన్ని మొదలంటా పెరికివేయవలసిందేననీ, కోపం వచ్చినప్పుడు ఆలస్యం చేయడానికి మించిన మందు లేదనీ వాదించాడు. అయితే ఆయన కంటే మూడు శతాబ్దాలకు ముందే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మరొక దారి చూపాడు: తగినవారి మీద, తగిన కారణానికి, తగిన మేరకు, తగిన సమయంలో కోపగించగలవాడు మెచ్చదగినవాడేననీ, కోపించవలసిన చోట కూడా కోపించనివాడు తనకూ తనవారికీ జరిగే అవమానాన్ని ఊరకే భరించే బానిస వంటివాడనీ ఆయన అభిప్రాయం. మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ, ప్రహ్లాదుడు తన మనుమడు బలికి చెప్పిన నీతిని గుర్తుచేస్తుంది; ఎప్పుడూ తీక్ష్ణంగా ఉండడమూ మేలు కాదు, ఎప్పుడూ క్షమించడమూ మేలు కాదన్నది ఆ నీతి సారాంశం. ధర్మరాజు క్షమను కీర్తిస్తూ ఆమెకు బదులిస్తాడు, కానీ కథను నడిపిన కవి ఇద్దరిలో ఎవరి నోరూ మూయించలేదు. ఆ తగవు అలా తెగకుండా నిలిచిపోవడమే న్యాయం.

భరతుని నాట్యశాస్త్రం ఈ చర్చకు మరింత సూక్ష్మమైన తూనికను అందించింది. రసమంటే ప్రేక్షకుని మనసులో పండే అనుభూతి అనీ, స్థాయీభావమంటే ఆ అనుభూతికి మూలంలో నిలకడగా ఉండే మనోవృత్తి అనీ గ్రహించి చూస్తే, భరతుడు రౌద్రానికి క్రోధాన్నీ, వీరానికి ఉత్సాహాన్నీ స్థాయీభావాలుగా చెప్పి, రౌద్రాన్ని రాక్షసులకూ ఉద్ధతులైన మనుషులకూ, వీరాన్ని ఉత్తమ ప్రకృతి గలవారికీ కేటాయించాడు. బయటినుంచి చూసేవారికి రెండింటిలోనూ కళ్ళు ఎర్రబడతాయి, కంఠం పెరుగుతుంది, చేయి లేస్తుంది. లోపల పనిచేసేది మాత్రం వేరు. తనకు నొప్పి కలిగింది కాబట్టి ఎదుటివాడికి నొప్పి కలగాలన్నది క్రోధం. జరగవలసింది జరిగి తీరాలన్నది ఉత్సాహం. కురవి స్వామి కథను ఈ తూనికతో తూచి చూడవలసి ఉంటుంది.

దక్షుని యజ్ఞశాల

ఆ కథను తెలుగులో చెప్పినవారిలో అగ్రగణ్యుడు కురవికి దూరపువాడేమీ కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర గ్రామం పేరు ఇంటిపేరుగా గల 15వ శతాబ్దపు కవి పోతన, తొలినాళ్ళలో వీరభద్ర విజయమన్న కావ్యంగానూ, తర్వాత భాగవతం చతుర్థ స్కంధంలోనూ దక్షయజ్ఞ వృత్తాంతాన్ని రెండుసార్లు చేపట్టాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. తెలుగు కుటుంబాల లోతుపాతులు తెలిసిన పాఠకుడికి ఈ కథ దేవతల కథగా కాక, పెళ్ళిపందిట్లో జరిగే తగాదాగా తోచడం సహజం. ఎందుకంటే దానిలో ఉన్నదంతా మర్యాద, పిలుపు, అల్లుడు, పుట్టిల్లు, వాటా అన్న ఐదు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ప్రజాపతుల సత్రయాగానికి దక్షుడు వచ్చినప్పుడు సభలోని వారందరూ లేచి నిలుచున్నారు, బ్రహ్మ, శివుడు మాత్రం లేవలేదు. బ్రహ్మ తండ్రి కాబట్టి దక్షుడు పట్టించుకోలేదు. అల్లుడైన శివుడు లేవకపోవడాన్ని మాత్రం సహించలేక, యజ్ఞంలో అతనికి హవిర్భాగం, అంటే దేవతలకు అగ్నిముఖంగా అందే వాటా, లేకుండా పోవాలని శపించాడు. నంది తిరిగి శపించాడు, దానికి భృగువు ప్రతిశాపం ఇచ్చాడు. ఒక్క మనిషి అహం దెబ్బతిన్న చోట రెండు వర్గాలు పుట్టుకొచ్చి, మొదటి కారణం ఏమిటో ఎవరికీ పట్టనంత వేగంగా మాటకు మాట పెరిగిపోయే ఈ తీరు, ఊరి రచ్చబండ దగ్గరా, నేటి వాట్సాప్ గుంపులోనూ రోజూ కనిపించేదే.

ఆ తర్వాత దక్షుడు మరో యజ్ఞం తలపెట్టి, కూతురినీ అల్లుణ్ణీ పిలవలేదు. పిలవని పేరంటానికి వెళ్ళరాదన్న లోకనీతి సతీదేవికి తెలియనిది కాదు. అయినా పుట్టింటికి పిలుపెందుకన్న ఆశ ఆమెను కదిలించింది. శత్రువుల బాణాలు చేసిన గాయంతోనైనా నిద్ర పడుతుంది గానీ అయినవారి వంకర మాట రాత్రింబవళ్ళు గుచ్చుతూనే ఉంటుందన్న భావంతో శివుడు వారించాడు. మానవ సంబంధాలను ఇంతకంటే దగ్గరగా చూసిన హెచ్చరిక అరుదు. బయటివాడు తిడితే కోపం వస్తుంది. అయినవాడు చిన్నచూపు చూస్తే తన ఉనికి మీదనే అనుమానం వస్తుంది. సతి వెళ్ళింది, తండ్రి పలకరించలేదు, భర్తకు భాగం పెట్టలేదు. ఆమె సభలో తండ్రి తప్పును నిర్భయంగా ఎత్తిచూపి, అక్కడే యోగాగ్నిలో దేహం విడిచింది.

కథలో ఇంతకు మించిన విషాదం లేదు. ఆలోచనకు ఇంతకు మించిన చోటూ లేదు. ఆమె కోపం న్యాయమైనది, కానీ సభ అంతా వింటూ కూర్చుని ఒక్కరూ కదలనందువల్ల, దానికి పోవడానికి దారి లేక ఆమె మీదికే తిరిగింది. వినేవారు లేని కోపం లోపలికే తిరుగుతుందన్న సత్యాన్ని వైద్యశాస్త్రం చెప్పకముందే పురాణం చెప్పింది. తన మాటకు ఇంట్లో విలువ లేదని కుమిలిపోయే ఆడబిడ్డల దుఃఖాన్ని మొండితనమనీ, పంతమనీ కొట్టిపారేసే ప్రతి కుటుంబమూ ఆ యజ్ఞశాలలో కూర్చున్న సభతో సమానమే.

నారదుని వల్ల సంగతి తెలిసిన శివుడు జటను పెరికి నేలకు కొట్టగా వీరభద్రుడు పుట్టాడు. రుద్రగణాలు యజ్ఞశాలపై పడి చేసిన విధ్వంసంలో ఎవరికి ఏ శిక్ష పడిందో గమనించదగినది. శివుణ్ణి దక్షుడు శపిస్తున్నప్పుడు కనుసైగ చేసి ప్రోత్సహించిన భగుని కళ్ళు పోయాయి. పళ్ళు బయటపెట్టి నవ్విన పూషుని పళ్ళు రాలాయి. గడ్డం మీసాలు నిమురుకుంటూ పరిహసించిన భృగువు గడ్డం మీసాలు ఊడిపోయాయి. చివరికి దక్షుని తల తెగింది. నోరు జారినవాడొక్కడే దోషి కాడు, పక్కన కూర్చుని నవ్వినవాడికీ, కన్ను గీటినవాడికీ ఆ పాపంలో వాటా ఉంది. అవమానం ఎప్పుడూ ఒంటరిగా జరగదు. చుట్టూ ఉన్నవారి చిరునవ్వులే దానికి ఊపిరి పోస్తాయి. కథకుడు కళ్ళు, పళ్ళు, మీసాలు అని ఏరి ఏరి చెప్పడంలో మనిషి స్వభావంపై ఉన్న ఎరుక ఆశ్చర్యపరుస్తుంది.

దుత్త మీది కోపం

అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అన్న సామెత తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసినదే. దుత్త అంటే పాలకో పెరుగుకో వాడే చిన్న మట్టిపాత్ర. అత్తను ఏమీ అనలేని కోడలు దుత్తను పగలగొడుతుంది. దుత్త ఎదురు చెప్పదు కాబట్టే దాని వంతు వచ్చింది. నీరు పల్లమెరిగినట్టు మనిషి కోపం కూడా తనకంటే బలహీనమైన చోటినే వెతుక్కుంటుంది. పై అధికారి చేత మాట పడ్డవాడు ఇంటికి వచ్చి భార్యను కసురుతాడు, ఆమె పిల్లవాణ్ణి కొడుతుంది, పిల్లవాడు ఇంటి ముందు పడుకున్న కుక్క మీద రాయి విసురుతాడు. అధికారికి మాత్రం ఏమీ కాదు. కోపిష్టి అని పేరు పడినవారు సైతం తమకు పని పడ్డ పెద్దమనిషి ఎదుట ఎంతో శాంతంగా ఉండగలగడాన్ని గమనిస్తే, కోపం పట్టరానిదన్న మాట చాలావరకు సాకేనని తేలుతుంది. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేసి గుండె వేగాన్నీ కండరాల బిగువునూ పెంచుతుందని శరీరశాస్త్రం చెబుతుంది గానీ, ఆ బిగుసుకున్న పిడికిలి ఎవరి మీద పడాలో మాత్రం నిర్ణయించేది అడ్రినలిన్ కాదు. అది మనిషి చేసే ఎంపిక.

వీరభద్రుని కోపం ఈ సహజ ప్రవాహానికి ఎదురు నడిచినది. అది కైలాసంలో తనకు సేవచేసే గణాల మీద పడలేదు, యజ్ఞశాలలో నీళ్ళు మోసే పనివారి మీద పడలేదు; సృష్టికర్త కొడుకు, ప్రజాపతులకు అధిపతి, నాటి లోకంలో పై మెట్టున ఉన్నవాడు ఎవరో, సూటిగా అతని దగ్గరికే వెళ్ళింది. బక్కవాడి మీద విరుచుకుపడే రోషానికి కోరమీసాలు ఎన్ని పెట్టినా పౌరుషం రాదు.

ఈ భేదాన్ని ఈ నేల పురాణంగా విని ఊరుకోలేదు, చరిత్రలో ఆచరించి చూపింది. పాలకుర్తిలో కౌలు పొలం సాగు చేసుకుంటున్న చాకలి ఐలమ్మ, విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఆ పంటను కాజేయబోయినప్పుడు, తన తోటి బీదల మీదా, తన అదృష్టం మీదా కసి తీర్చుకోలేదు. ఊళ్ళలో సంఘమని పిలిచే ఆంధ్ర మహాసభ కార్యకర్తల అండతో ధాన్యాన్ని తన ఇంటికే చేర్చుకుంది. వెట్టి, అంటే కూలి లేకుండా కులాన్ని బట్టి బలవంతంగా చేయించుకునే చాకిరీ, సర్వసాధారణమైన ఆ రోజుల్లో ఒక రజక స్త్రీ దొరను ఎదిరించి నిలవడం మామూలు విషయం కాదు. సతీదేవికి ఆ సభలో దొరకనిది ఐలమ్మకు సంఘంలో దొరికింది: ఆమె మాట వినే నలుగురు. అందువల్లనే ఆమె ఆగ్రహం లోపలికి తిరగలేదు, దుత్త మీద పడలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య ప్రాణాలు కోల్పోవడంతో ఆ ఆగ్రహం ఊరూరికీ పాకి సాయుధ పోరాటమైంది. 1951 అక్టోబరులో దాన్ని విరమించే నాటికి 4,000 మంది దాకా కమ్యూనిస్టులూ రైతు వీరులూ మరణించారని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ మూల్యాన్ని తక్కువ చేసి చెప్పడం ఎవరికీ తగదు.

రెండు కథల్లోనూ తగవు మూలం ఒక్కటే కావడం గమనించదగినది. అక్కడ రుద్రునికి రావలసిన హవిర్భాగం, ఇక్కడ దున్నినవానికి రావలసిన పంటభాగం. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం, ఆ చట్టం కింద రక్షిత కౌలుదారు అన్న హోదా వచ్చాయి. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, కోపం అడిగిన భాగం కాగితం మీదికైనా ఎక్కింది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు.

మహబూబాబాద్ జిల్లాలోనే, చిన్నగూడూరులో 1925 జూలై 22న పుట్టిన దాశరథి కృష్ణమాచార్య, నిజాం కాలంలో నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో కవిత్వం రాసినవాడు. ఆయన తొలి సంపుటాల పేర్లు అగ్నిధార, రుద్రవీణ. ఆ నిప్పునే జీవితమంతా రాజేస్తూ కూర్చోకుండా, ఆ చేతితోనే గాలిబ్ ఉర్దూ కవితలను తెలుగు చేశాడు, సినిమాకు సుకుమారమైన ప్రేమగీతాలు రాశాడు. ఏ పాలన మీద కత్తి గట్టాడో ఆ పాలకుల ఆస్థానాల్లో వెలిగిన భాష మీద ఆయన ద్వేషం పెంచుకోలేదు. కోపం ఎవరి మీదో స్పష్టంగా తెలిసినవాడికే ఇది సాధ్యపడుతుంది.

ఆగని కోపం, ఆగిన కోపం

ఈ సీమ ఆలోచనలో ఒక కటువైన పుట కూడా ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో జానపదుల నోటికి అందే ద్విపదలో బసవపురాణం రచించి, కుమ్మరిని, చాకలిని, బోయను, ముగ్ధ అయిన ఆడపిల్లను కథానాయకులుగా నిలిపి తెలుగు కవిత్వానికి మహోపకారం చేశాడు. అదే కావ్యంలో శివనిందను విన్నచోటనే శిక్షించే వీరభక్తులు కనిపిస్తారు. శరణులను, అంటే బసవేశ్వరుని మార్గంలో నడిచిన శివభక్తులను, హింసించిన కల్యాణ రాజు బిజ్జలుణ్ణి భక్తులు హతమార్చిన ఘట్టమూ ఉంది. రాజు చేసిన క్రూరత్వం నిజమే కావచ్చు. కానీ ఆ హత్యతో కల్యాణ పట్టణంలో శాంతి రాలేదు. ఉద్యమం చెదిరింది, శరణులు తలో దిక్కూ పోయారు. అన్యాయానికి ఎదురు నిలిచినంత మాత్రాన కోపం పవిత్రమైపోదు. అది ఎక్కడ ఆగాలో తెలియకపోతే తాను కాపాడదలచినదాన్నే కాల్చివేస్తుంది.

దక్షయజ్ఞ కథ విలువ ఈ చోటనే తెలుస్తుంది. చాలామంది ఈ కథ విధ్వంసంతో ముగిసిందనుకుంటారు. నిజానికి సగమే అయింది. దెబ్బతిన్న దేవతలు బ్రహ్మను వెంటబెట్టుకుని కైలాసానికి వెళ్ళేసరికి, శివుడు మర్రిచెట్టు నీడన శాంతంగా కూర్చుని నారదాదులకు జ్ఞానం బోధిస్తున్నాడు. భార్యను పోగొట్టుకున్నవాడు, అవమానించబడ్డవాడు అతడే. అయినా వచ్చినవారిని చూసి మళ్ళీ నిప్పులు కక్కలేదు. బ్రహ్మ వేడుకోగా, పసివారి వంటి వారి అపరాధాన్ని తాను మనసులో పెట్టుకోననీ, దండన మాత్రమే చేశాననీ అన్నాడు. దక్షునికి మేకతల అమర్చారు. భగుడు మిత్రుడనే దేవుని కన్నులతో తన భాగాన్ని చూసుకోవాలనీ, పూషుడు యజమాని పళ్ళతో నమిలిన పిండి తినాలనీ, భృగువుకు మేక గడ్డం మొలుస్తుందనీ ఏర్పాటు చేశాడు. అందరితో కలిసి తానే యజ్ఞవాటికకు వెళ్ళాడు. యజ్ఞం పూర్తయింది, రుద్రభాగం రుద్రునికి దక్కింది.

ఈ రాజీలో కపటమైన మాధుర్యం లేదు. దక్షునికి పాత తల తిరిగి రాలేదు. బతికినన్నాళ్ళూ మేకతలతోనే తిరగాలి. భగునికి సొంత చూపు లేదు, మిత్రుని కళ్ళు అరువు తెచ్చుకోవలసిందే. ఒకసారి తెగిన సంబంధాలు అతికినా మునుపటిలా ఉండవన్న నిజాన్ని ఇంత నిక్కచ్చిగా చెప్పి, అయినా అతకవలసిందేనని పట్టుబట్టిన కథ ఇది. అన్నదమ్ముల పంపకాల్లో, అత్తాకోడళ్ళ తగవుల్లో, విడిపోయి మళ్ళీ మాట్లాడుకునే స్నేహితుల మధ్య, అంతా మునుపటిలాగే ఉండాలని పట్టుపట్టేవారే ఎక్కువగా భంగపడతారు. మేకతలతోనైనా యజ్ఞం పూర్తి కావడం చాలనుకున్నవారు బతుకును ముందుకు నడుపుకుంటారు. క్షమించడమంటే జరగనట్టు నటించడం కాదు. శిక్ష పడింది, అది చాలు, ఇక పని పూర్తికావాలన్న నిర్ణయం.

కురవిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు కేంద్రం స్వామి కల్యాణం కావడంలోనూ ఈ వివేకమే వ్యక్తమవుతుంది. ఆగ్రహ రూపుడైన దేవునికి భద్రకాళితో పెళ్ళి చేసి, అభిషేకాలతో చల్లబరచి, ఆయనను గృహస్థుగా నిలబెట్టుకున్న ప్రజలు కోపాన్ని చంపలేదు, దానికొక ఇల్లు కట్టారు. అలా చేయడం మనిషిని సరిగా చదివినవారి పని. కోపం లేని మనిషిని తయారుచేయాలని చూసే నీతి, నోరు మెదపని కూలిని, కన్నీళ్ళు మింగే కోడలిని తయారుచేసి దాన్నే శాంతమని పిలిచే ప్రమాదంలో పడుతుంది. కోపాన్ని కట్టు లేకుండా వదిలేసే సమాజం కల్యాణ పట్టణంలా చెదిరిపోతుంది. ఈ రెంటికీ నడుమ నిలిచిన కురవి మార్గమే ఆచరణకు తగినది.

ఈ శివరాత్రికి కురవి వెళ్ళేవారూ, వెళ్ళలేనివారూ పోతన భాగవతం చతుర్థ స్కంధాన్ని ఒకసారి చేతికి తీసుకోవాలి. పిల్లలకు దక్షుని కథ చెప్పే తాతలూ అమ్మమ్మలూ, ఉపాధ్యాయులూ, హరికథకులూ వీరభద్రుడు యజ్ఞశాలను ధ్వంసం చేసిన చోట ఆపకుండా, శివుడు లేచి దక్షుని యజ్ఞవాటికకు నడిచి వెళ్ళి, ఆగిపోయిన యజ్ఞం పూర్తయ్యేదాకా ఆ కథను చెప్పాలి.